లుహాపుర్ రాతిబల్ల

మా సంఘంలో జయక్క చేత తిట్లు తినని మనిషి లేడు. పాస్టరు అయ్యగారు కూడా తిన్నారు. కారణం ఎప్పుడూ ఒకటే, రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభు భోజనపు బల్ల. దాని మీద ఎవరైనా హ్యాండ్‌బ్యాగు పెట్టినా, తబలా పెట్టినా, పిల్లల పాలసీసా పెట్టినా లేచి వచ్చేసేది. "తియ్యవే! నీ వంటింటి గట్టనుకున్నావా?" అని ఆరాధన మధ్యలోనే అరిచేది. ఒకసారి నేను గొడుగు ఆనించాను. పాపం, అది పొడి గొడుగే. ఆ ఆదివారం అయ్యగారు ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇంటికెళ్ళేదాకా ఆ ముసల్దాన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

ముసల్దనడం కూడా తప్పే. అప్పటికి ఆవిడకు అరవై నిండలేదు. పేరు జయకుమారి, దివిసీమ మనిషి. నాలాగే నర్సు. నేను తెనాలి నుంచి ఢిల్లీ ఆస్పత్రిలో ఉద్యోగానికి వచ్చేనాటికే ఆవిడ ఈ సంఘంలో పాతుకుపోయి ఉంది. సన్నటి ఒళ్ళు, గట్టి గొంతు, ఎక్కడికెళ్ళినా వార్డులో రౌండ్లకు వెళ్తున్నట్టు నడక. భర్త సైన్యంలో పోయాడని తెలుసు, అంతకు మించి చెప్పేది కాదు. రిటైరయ్యాక అందరూ ఊళ్ళకు పోతుంటే ఈవిడ మాత్రం లుహాపుర్ బజారులో ఒక్క గది అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయింది.

లుహాపుర్ అంటే ఢిల్లీ దాటాక హర్యానా వైపు, ధౌలాకువాఁ నుంచి రోడ్‌వేస్ బస్సులో గంట. చిన్న ఊరు. ఊరిని ఆనుకుని పాత ఛావనీ, అంటే సైన్యం వాళ్ళ పేట. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బలు తిన్న సిపాయిల కోసం తెల్లవాళ్ళు హడావుడిగా కట్టిన ఆస్పత్రి బారకులు అక్కడ వరసగా ఉండేవి. పొడుగాటి ఇటుక గోడలు, రేకుల కప్పు. ఆ యుద్ధం అయిపోగానే మూతపడ్డాయి. తర్వాత ఏ యుద్ధం వచ్చినా వాటి తలుపులు తెరుచుకునేవి, అది అయిపోగానే మళ్ళీ మూసేవారు. డెబ్భై ఒకటి యుద్ధం తర్వాత ఆస్పత్రి కొత్త భవనాలకు వెళ్ళిపోయింది. బారకులు గబ్బిలాలకు మిగిలాయి.

డెబ్భై ఎనిమిదిలో మన తెలుగువాళ్ళు, కొంతమంది నర్సులు, జవాన్లు, ఢిల్లీ ఆర్.కె. పురం గుమాస్తాలు కలిసి ఆదివారాలు ప్రార్థన చేసుకోవడానికి కాస్త చోటిమ్మని ఛావనీ అధికారులను బతిమాలితే, చివరి బారకు ఇచ్చారు. మిగతా వాటికంటే చిన్నది. తలుపు మీద వెలిసిపోయిన ఎర్రరంగు సిలువ. లోపల హాలు చివర ఇటుక దిమ్మల మీద మనిషి పొడుగు నల్లరాతి పలక. వెనక ఒక చిన్న గది. మనవాళ్ళ ఆనందం ఇంతా అంతా కాదట. ఇది పూర్వం తెల్లవాళ్ళ గుడే, ఆ రాయి ప్రభు భోజనపు బల్ల, ఆ గది పాదిరిగారు అంగీ మార్చుకునేదని తీర్మానించేశారు. కిటికీ అద్దాలకు నల్లరంగు ఉంటే ఎండ పడకుండా పూసుంటారనుకుని గీకి పారేశారు.

రాతిపలక అంచు చుట్టూ సన్నటి కాలువ చెక్కి ఉండేది. ఒక మూలన కన్నం, దాన్ని ఎవరో మైనంతో పూడ్చారు. మా సంఘ కార్యదర్శి యేసుకుమార్ గారు కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ గుడ్డ ఎత్తి ఆ కాలువ చూపించేవారు. "చూశారా అమ్మా, దొరల భక్తి! ద్రాక్షారసం ఒలికినా ఒక్క చుక్క నేలన పడకూడదని కాలువ చెక్కించారు." ఆ కాలువ మీద అయ్యగారు ఎన్ని ప్రసంగాలు చేశారో! జయక్క మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా తల దించుకుని గుడ్డ సర్దేది.

ప్రభు భోజనం ఇచ్చే సంస్కారం ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చి వేన్నీళ్ళతో బల్ల కడిగేది, ఎవరినీ సాయం పట్టనిచ్చేది కాదు. నవంబరు రెండున సమాధుల పండగకు మేమంతా మా వాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే, ఈవిడ ఇక్కడికొచ్చి బల్ల కడిగేది. ఇక్కడ ఎవరూ లేని మనిషి కదా, ఏదో ఒకటి చేసుకుంటోందిలే అనుకునేవాళ్ళం.

రెండు వేల ఆరు వేసవిలో పిడుగులాంటి కబురొచ్చింది. బారకులన్నీ కూల్చి ఫ్లాట్లు, దుకాణాలు కడతారట. ఆ ఏడు ఢిల్లీ చుట్టూ ఎక్కడ చూసినా బుల్డోజర్లే కాబట్టి ఎవరికీ అనుమానం కలగలేదు. యేసుకుమార్ గారు తన ఆఫీసు పలుకుబడి అంతా వాడి, పాత కట్టడాల శాఖ నుంచి ఒక అధికారినీ ఒక అమ్మాయినీ పిలిపించారు. అమ్మాయి పేరు భానుశ్రీ. ఆర్.కె. పురంలో పెరిగిన తెలుగు పిల్లే, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో.

ఇది దొరల గుడి అని యేసుకుమార్ గారు ఉపన్యాసం అందుకోగానే ఆ అధికారి నవ్వాడు. దొరల గుడి పరేడ్ మైదానం పక్కన గడియారంతో సహా నిలబడే ఉంది, ఒక ఛావనీకి రెండెందుకు కడతారు అన్నాడు. భానుశ్రీ నాతో కాస్త మెత్తగా చెప్పింది. "ఆంటీ, చర్చ్ సే నహీ హోగా. వార్ కా కుఛ్ చాహియే." గుడి అంటే కుదరదట, యుద్ధకాలంలో ఈ గోడల మధ్య ఏం జరిగిందో కళ్ళారా చూసిన మనిషి చెబితే కూల్చకుండా ఆపవచ్చట, లేదంటే ఖాళీ బారకుల్లో ఇదీ ఒకటట. వచ్చే ఆదివారం టేపురికార్డరు తీసుకుని వస్తామన్నారు.

అందరి కళ్ళూ జయక్క మీదికి తిరిగాయి. డెబ్భై ఒకటిలో ఈ ఆస్పత్రిలో పనిచేసినది మాలో ఆవిడొక్కతే. యేసుకుమార్ గారు మర్యాదగా దగ్గరికెళ్ళి, "జయకుమారమ్మ గారూ, సిపాయిలు ఇక్కడ మోకరించి ప్రార్థన చేసి యుద్ధానికెళ్ళేవాళ్ళని ఒక్క మాట చెప్పండి. దేవుడి పనే కదా, తప్పులేదు" అన్నారు. ఆవిడ తల దించుకుని గుడ్డ సర్దింది.

ఆ శనివారం మధ్యాహ్నం నన్ను రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ తీసేసి ఉంది. పక్కన బకెట్లో వేన్నీళ్ళు.

"అనసూయా, కూర్చో. నర్సువి గనక నీకు చెబుతున్నా. ఇది గుడి కాదే. శవాలగది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చేత్తో మైనం గీకి మూలనున్న కన్నం చూపించింది.

"కడిగిన నీళ్ళు ఈ కాలవలోంచి వచ్చి ఇందులోంచి కింద బకెట్లో పడేయి. తలుపు మీద సిలువ గుడి సిలువ కాదు, ఆస్పత్రి గుర్తు. వెనక గదిలో పెట్టెలుండేయి. అద్దాలకు నల్లరంగు నేనే పూశా, వెలుగు కనపడితే పైనించి బాంబులేస్తారని."

ఓరి దేవుడా అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను రొట్టె తీసుకుంది దీని మీద నుంచా అనిపించింది. వెంటనే ఒళ్ళు మండింది. "ఏవిటక్కా ఇది! తెలిసి తెలిసి మా అందరి చేత దీని మీద తినిపించావా?" అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. అదే నన్ను మరీ భయపెట్టింది.

"యేసుదానం అని, మా ఆయన. సైన్యంలో లారీ డ్రైవరు. డెబ్భై ఒకటి వేసవిలోనే పెళ్ళయింది. లీవు నెల్లాళ్ళూ ఇక్కడే ఉన్నాడు. నా డ్యూటీ అయ్యేదాకా తినేవాడు కాదే. అన్నం కంచంలో పెట్టి, మూతేసి, గుమ్మంలో కూర్చునేవాడు. ఎందుకయ్యా అంటే, ఒక్కళ్ళే తింటే అది అన్నం కాదే, మేత అనేవాడు. ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం. చేపముక్క నా వైపుకు తోసేవాడు."

ఆవిడ తడిగుడ్డ పిండి బల్ల తుడుస్తూనే మాట్లాడింది.

"డిసెంబరులో యుద్ధమొచ్చింది. పంజాబు వైపు నించి ట్రక్కుల్లో తెచ్చి దింపేవాళ్ళు. ఒక పొద్దున దింపినోళ్ళలో ఆయనున్నాడు. కడుపులో దెబ్బ. నన్ను గుర్తుపట్టాడు. అన్నం తిన్నావా అనడిగాడు. మధ్యాన్నానికి పోయాడు. ఇదిగో, ఇక్కడ పడుకోబెట్టారు. శవాలు చూస్తే చాలా, కడిగేవాడు ఒక్కడే. మా ఆయన్ని నేను కడుక్కుంటానన్నా. సరే అన్నాడు. తల ఇటు, కాళ్ళు అటు."

తల ఉన్న వైపు మా అయ్యగారు రొట్టె పళ్ళెం పెట్టే చోటు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

శవాన్ని మంచుగడ్డలూ రంపపు పొట్టూ వేసిన పెట్టెలో ఆయన అన్నగారొచ్చి రైల్లో ఊరికి తీసుకెళ్ళారట. వార్డు నిండా మనుషులు మూలుగుతుంటే సెలవడగడానికి ఈవిడకు మనసొప్పలేదు. తర్వాత వెళ్ళి సమాధికి సున్నం వేసి వచ్చింది. డెబ్భై ఏడులో దివిసీమ ఉప్పెన ఆ శ్మశానాన్నే కాదు, ఊరినే తుడిచిపెట్టింది. అత్తమామలు పోయారు, బావగారు పోయారు. సమాధి ఎక్కడుండేదో చూపించే మనిషి కూడా మిగల్లేదు.

"తిరిగొచ్చాక మనోళ్ళకి ఈ బారకిచ్చారు. మొదటి ఆదివారం వచ్చి చూద్దును గదా, దీని మీద తెల్లగుడ్డ, రొట్టె. చెబుదామని నోరు తెరిచా. ఈలోపు అయ్యగారు రొట్టె విరిచి చేతిలో పెట్టారు. ఆయన పక్కన కూర్చుని తిన్నట్టే ఉందే అనసూయా. నోరు మూసుకున్నా."

నేను కళ్ళు తుడుచుకుని, "రేపు చెప్పకు అక్కా. చెబితే మనవాళ్ళు ఒక్కరు ఇటు తొంగిచూడరు" అన్నాను.

"చెప్పకపోతే బుల్డోజరొస్తుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆవిడే అంది, "మనుషులు అలిగి పోతే ఎప్పటికైనా తిరిగొస్తారు. రాయి పగిలితే రాదు గదా."

మర్నాడు ఆరాధన కాగానే భానుశ్రీ టేపురికార్డరు బల్ల మీద పెట్టబోయి జయక్క చూపుకు జడిసి చేత్తోనే పట్టుకుంది. మాట్లాడే ముందు జయక్క ఒక్కటే అడిగింది. "అమ్మాయ్, దీన్ని కూల్చకుండా నిలబెట్టాక మేం లోపలికి రావచ్చునా?" ఆ పిల్ల సగం వింటూ, "హాఁ హాఁ ఆంటీ, నో ప్రాబ్లమ్" అంది. అప్పుడు జయక్క తెల్లగుడ్డ లాగేసి, నాకు చెప్పినదంతా నిలబడి అందరికీ చెప్పింది. భర్త సంగతి మాత్రం చెప్పలేదు. ఎంతమందిని కడిగారో, నీళ్ళు ఎటు పోయేవో, పెట్టెలు ఎక్కడుండేవో, కోర్టుకు పిలిచిన సాక్షిలా చెప్పింది. అధికారి ముఖం వెలిగిపోయింది. మా వాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

యేసుకుమార్ గారి భార్య గుమ్మం దాకా వెళ్ళి వాంతి చేసుకుంది. ఆయన ఊగిపోయారు. "నా జెనీఫర్ పెళ్ళి ఉంగరాలు దీని మీదే పెట్టామే! శవాల రాయి మీద నా బిడ్డ ఉంగరాలా? ఇంతకాలం నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

ఇక నేను ఊరుకోలేదు. "ఏమండీ, మనలో సగం మంది నర్సులం. పగలంతా శవాలను తుడిచి, చేతులు కడుక్కుని అన్నం తినేవాళ్ళమే కదా! ప్రభువును సిలువ మీంచి దించి పూలపాన్పు మీద పడుకోబెట్టారా? ఆయన్నీ రాతి మీదే కదా పెట్టారు!" అని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అయ్యగారు మంచివారే, కానీ నోట్లో నాలుక లేని మనిషి. పెద్దలు ఎటంటే అటు. పై ఆదివారానికల్లా సంఘం కరోల్ బాగ్‌లో ఒక స్కూలు హాలుకు మారిపోయింది. చాపలు పట్టుకుపోయారు, తబలా పట్టుకుపోయారు, తెల్లగుడ్డ వదిలేశారు.

వానలు వెళ్ళేసరికి మిగతా బారకులు నేలమట్టమయ్యాయి. చివరిది ఒక్కటీ నిలిచింది. మరుసటి వేసవి దాకా తాళంచెవి జయక్క దగ్గరే ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా ఊడుస్తూనో, కడుగుతూనో కనిపించేది. తిట్లు తగ్గాయి. ఒకరోజు నా గొడుగు బల్లకు ఆనిస్తే చూసి ఊరుకుంది. మనుషులు తిరిగొస్తారులే అనే నమ్మకం ఇంకా పోలేదు. యేసుకుమార్ గారింటికి వెళ్ళి రెండుసార్లు బతిమాలింది కూడా. ఆయన తలుపు తీయలేదు.

తర్వాత మనుషులు వచ్చారు గానీ మావాళ్ళు కాదు. చుట్టూ ఇనుప కంచె వేశారు. తలుపుకు కొత్త తాళం. నీలంరంగు బోర్డు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశారు, ఇది యుద్ధకాలపు శవాగారం, స్థానికుల సాక్ష్యం ఆధారంగా గుర్తించబడింది, లోపలికి ప్రవేశం లేదు, ముట్టుకుంటే శిక్ష. ఆ స్థానికులు ఎవరో పేరు లేదు. నేను భానుశ్రీకి ఫోను చేసి నాలుగు దులిపాను. "ఆంటీ, రూల్స్ మేరే హాథ్ మే నహీ హై" అంది. అదంతా తన చేతుల్లో లేదట, పైగా తనకు వేరే ఊరు బదిలీ అయిందట.

రెండు వేల ఏడు సమాధుల పండగనాడు జయక్క బకెట్లో వేన్నీళ్ళు, చేతిలో పాత తెల్లగుడ్డ పట్టుకుని వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. గేటు దగ్గర కుర్చీ వేసుకున్న చౌకీదారు లేచి దణ్ణం పెట్టాడు. మర్యాదస్థుడే.

"అమ్మాజీ, ఆర్డర్ నహీ హై."

"ఒక్కసారి భయ్యా. కడిగేసి వచ్చేస్తా."

"నౌకరీ చలీ జాయేగీ అమ్మాజీ," ఉద్యోగం పోతుందని మళ్ళీ దణ్ణం పెట్టాడు.

కంచెలోంచి కిటికీ కనిపిస్తుంది. అద్దంలోంచి బల్ల సగమే కనిపిస్తుంది, తల వైపు సగం. దుమ్ము పేరుకుని బూడిదరంగులో ఉంది. జయక్క కంచె పట్టుకుని బకెట్లో నీళ్ళు చల్లారిపోయేదాకా నిలబడింది. తర్వాత ఆ నీళ్ళు కంచె మొదట్లో పారబోసి, "దుమ్ము పట్టిందే" అంది. ముప్పయ్యేళ్ళ బట్టీ ఆ రాయి మీద దుమ్ము ఆవిడ ఎరగదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. దారిలో ఆటోవాడి మీద తీర్చుకున్నాను.

కరోల్ బాగ్‌కు ఆవిడ ఒక్క ఆదివారమూ రాలేదు. అక్కడ టెంటుహౌసు నుంచి తెచ్చిన మడత బల్ల మీద సంస్కారం ఇస్తున్నారు. మంచాన పడ్డవాళ్ళకు అయ్యగారు రొట్టె ఇంటికి తీసుకెళ్ళి ఇస్తారు కదా, అలాగైనా జయక్కకు ఇచ్చి రండని నేను ఆయన వెంటపడ్డాను. యేసుకుమార్ గారికి తెలియకుండా, క్రిస్మస్ ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం బస్సెక్కాం. గదికి తాళం. ఎక్కడుంటుందో నాకు తెలుసు.

కంచె దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. అయ్యగారిని చూసి లేచి వందనాలు చెప్పింది. ఆయన సంచిలోంచి చిన్న పళ్ళెం తీసి, ప్రార్థన చేసి, రొట్టె విరిచి ఆవిడ చేతిలో పెట్టారు. "అమ్మా, ఆ రోజు నేను నోరు విప్పాల్సింది" అన్నారు. ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. చేతిలో ముక్క చూసుకుంది. కిటికీ వైపు చూసింది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. అప్పుడు ఆ ముక్కను పదిలంగా పళ్ళెంలో తిరిగి పెట్టేసింది.

"ఏమనుకోకండి అయ్యగారూ. ఇన్నాళ్ళూ ఆయన పక్కన కూర్చుని తిన్నా. ఆయన లోపలుండి, నేను బయట ఒక్కదాన్నే తింటే అది మేతంటాడు."

చౌకీదారుకు తెలుగు రాకపోయినా అటు తిరిగి నిలబడ్డాడు. జయక్క మళ్ళీ దిమ్మ మీద కూర్చుంది, మమ్మల్ని ఇక వెళ్ళమన్నట్టు. అయ్యగారు ఆ రొట్టె ముక్కను చేత్తో పట్టుకునే బస్టాండు దాకా నడిచారు. దాన్ని తినాలో, ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.